కొత్త కానిది ముట్టని జంపయ్య

ఒక పూట వంట చెడిందని జంపయ్యను నౌకరీలోంచి తీసేశారు. ఆ పూట జంపయ్య వంటింట్లో లేనే లేడు.

పినపాక అవతల, వాగు దాటితే వచ్చే తునికిగుంపు అనే కోయగూడెం అతనిది. అక్కడికి మూడు మైళ్ల దూరంలో ఉన్న ఒక పిల్లల హాస్టల్లో పందొమ్మిదేళ్లు వంట చేశాడు. ఏడాదికి ఒక్కటే సెలవు అడిగేవాడు, తమ గుంపులో చిక్కుడు పండుగ రోజున. ఆ ఏడు సరిగ్గా అదే రోజు ఎప్పటిదో నూనె డబ్బా ఒకటి తెరిచారు. నలభై మంది పిల్లలు వాంతులు చేసుకున్నారు. విచారణకు జీపు వచ్చేసరికి డబ్బా మాయమైంది. కాగితం మీద ఏదో ఒక కారణం రాయాలి కదా. "వంటమనిషి మెనూలో లేని అడవి ఆకులు కలుపుతున్నాడు" అని రాశారు. కలిపే మాట నిజమే. నీళ్లలాంటి పప్పులో పందొమ్మిదేళ్లూ పొద్దున్నే ఏరుకొచ్చిన చెంచలికూరో చింతచిగురో వేసి, దాన్ని పప్పు అనిపించేవాడు. కానీ ఆ రోజు ఆకు వేసే చెయ్యే అక్కడ లేదు.

"నేను ఆనాడు లేను సార్" అంటే చాలు. అనలేదు. అంటే, ఆ పూట పొయ్యి దగ్గరున్న పుల్లమ్మ మీదికి వస్తుంది. పుల్లమ్మ మొగుడు పోయిన మనిషి. జంపయ్య "అవ్ సార్" అని సంతకం పెట్టి, తువ్వాల భుజాన వేసుకుని వాగు దాటి ఇంటికొచ్చేశాడు.

"ఎందుకు పెట్టినవ్ మామా సంతకం?" అని కోడలు కళావతి ఎన్నోసార్లు అడిగింది.

"పోరగాళ్లు బతికిన్రు గదా" అంటాడు. ఆ కథ అక్కడితో కంచికి.

ఇంత ఓర్పు గల మనిషికి ఒక్క విషయంలో మాత్రం ఓర్పు లేదు. కొత్త కానిది నోట్లో పెట్టడు, ఎవర్నీ పెట్టనివ్వడు.

కొత్త అంటే ఏంటో తెలియనివాళ్లకు చెప్పాలి. కోయ గుంపుల్లో పాదు కాసింది కదా అని కాయ తెంపుకుని తినరు. చిక్కుడు కాస్తే చిక్కుడు కొత్త చేస్తారు, మామిడి కాస్తే మామిడి కొత్త. ముందు నేలతల్లికి, పోయిన పెద్దలకు పెడతారు. తర్వాత ఇంటి పెద్ద ఒక ముద్ద తింటాడు. ఆ తర్వాతే అందరూ. కాయ ముదరాలి, విత్తనం నిలవాలి, అందాకా ఆశపోతు చెయ్యి ఆగాలి. ఎవరు పెట్టారో గానీ తెలివైన కట్టుబాటు. గుంపులో అందరూ పాటించేదే. కాకపోతే అందరూ చిక్కుడుకూ మామిడికీ పాటిస్తారు, జంపయ్య బిస్కెట్‌కు కూడా పాటిస్తాడు.

కళావతి కాపురానికి వచ్చిన రెండో నెలలోనే ఈ సంగతి తెలిసొచ్చింది. ఆమె భర్త గణేష్ సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. అతని తోటి పనివాడి పెళ్లికి ఇంటిల్లిపాదీ వెళ్లారు. బఫే భోజనం. జంపయ్య ప్లేటు పట్టుకుని ఫ్రైడ్ రైస్ పెట్టే అతని ముందు నిలబడ్డాడు.

"ఇది ఏ నేలల పుట్టింది బిడ్డా?"

"ఏంది పెద్దయ్యా?"

"ఏ నేలల పుట్టిందంటున్న. ఆ నేలతల్లికి చెప్పాలె గదా."

"ఇది నేలల పుట్టలే పెద్దయ్యా. కడాయిల పుట్టింది."

"గా ఎర్రగున్న ముక్క?"

"గోబీ."

"ఏ ఊరి గోబీ?"

"మార్కెట్ గోబీ."

"మార్కెట్ల గోబీ ఎట్ల పెరుగుతది? దున్నుతరా దాన్ని?"

వెనకాల వరస పెళ్లిపందిరి దాటి రోడ్డు మీదికి పోయింది. "ముసలాయన్ని జల్దీ తేల్చున్రి" అని ఎవరో అరిచారు. చివరికి వంటమేస్త్రీని పిలిపించారు. మేస్త్రీ మంచివాడు. నూనె డబ్బా తిప్పి చూసి, అది సముద్రం అవతలి దేశం నుంచి వచ్చిందని చదివి చెప్పాడు. జంపయ్య మర్యాదగా తలూపాడు.

"గంత దూరం నుంచి వచ్చిందా పాపం. గక్కడి నేలతల్లి పేరు నాకెర్క లేదు. ఎవరికని చెప్పుదు?"

ప్లేటు బోర్లించి, ఓ మూల కూర్చుని, సంచిలోంచి సొరబుర్ర తీసి జొన్న అంబలి తాగాడు. వీడియో తీసే అతను లైటు వేసి మరీ తీశాడు. ఆ పెళ్లి వీడియోలో పెళ్లికూతురు మూడు నిమిషాలుంటుంది, జంపయ్య నాలుగు నిమిషాలుంటాడు.

"ఇంకోసారి నిన్ను తోల్కరాను నాయినా" అన్నాడు గణేష్ బస్సులో.

"నేను రానంటినే. మీ అమ్మ తోల్కొచ్చింది" అని జంపయ్య తన భార్య ఎర్రమ్మ వైపు చూపించాడు. ఎర్రమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, తనకూ ఈ మనిషికీ సంబంధం లేనట్టు మణుగూరు దాకా కూర్చుంది.

గుంపులో కిరాణా కొట్టు ముసలయ్యది. అతనికి జంపయ్యంటే హడల్. పిల్లలు చిప్స్ పాకెట్ కొనుక్కుని బయటికి రాగానే జంపయ్య ఎదురయ్యేవాడు. "ఆగున్రి ఆగున్రి, కొత్త కాలే." పాకెట్ తీసుకుని ఒక రాయి మీద పెట్టి, నీళ్లు చల్లి, ఒక్క ముక్క తను తినేవాడు. "తెల్లారేదాకా సూద్దం. నాకేం గాకుంటె రేపు మీరు తిందురు." పిల్లలు కాసేపు చూసి, ఆకలేసి, ఇళ్లకు పోయి అన్నం తినేవాళ్లు. మర్నాటికి ఆ పాకెట్ తోలు చెప్పులా మెత్తబడి ఉండేది.

"నా గిరాకంతా నీ పెద్దల పాలైతుంది జంపన్నా" అని ముసలయ్య మొత్తుకునేవాడు.

"మా పెద్దలకు గవి నచ్చలే ముసలయ్యా. బఠాణీలు పెట్టు, బుక్కుతరు."

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగుంటాయి. కళావతి మాత్రం నవ్వి చాలా కాలమైంది. మొదటి కాన్పు ఎనిమిదో నెలలో పోయింది. భద్రాచలం దవాఖానాకు ఆటోలో పోతుంటే దారిలోనే కడుపులో కదలిక ఆగింది. రక్తం ఆరు పాయింట్లే ఉందన్నారు. ఆ బిడ్డను గుంపు అవతల పూడ్చిపెట్టి వచ్చాక ఆమె పనులన్నీ మామూలుగానే చేసేది, మాటలు మాత్రం తగ్గాయి.

మళ్లీ కడుపు నిలిచింది. వానాకాలం మొదట్లో, నాలుగో నెలలో, మంగ్లి సిస్టర్ వచ్చి వేలికి సూది గుచ్చి చూసింది. మంగ్లి ఆరు కిలోమీటర్ల అవతలి తండా మనిషి, సబ్ సెంటర్లో నర్సు. ఉన్నదున్నట్టు మొహం మీద చెప్పే రకం.

"ఏడు. పోయినసారి ఆరుండె, ఒక్కటి పెరిగిందని సంబురపడకు. కాన్పు నాటికి పది గావాలె. గాకపోతె ఈసారి బిడ్డతోని ఆగదు కళావతీ, నువ్వు గూడ ఉండవు."

కళావతి సూది గుచ్చిన వేలిని కొంగుతో నొక్కుకుంది.

"ఏం తింటున్నవ్?"

"అన్నం, చారు."

"ఇంకా?"

"పొద్దుగాల చాయ, బిస్కెట్."

"అడవి ఒడ్డున ఉండుకుంట అన్నం చారు తింటవా? కూరాకు లేదా మీకు?"

"అడవి యాడుంది సిస్టర్. ఇంటి గోడ దాకా పత్తే."

అది అబద్ధం కాదు. ఒకప్పుడు వాన పడితే చాలు, గట్ల మీద తోటకూర, చెంచలి, గునుగు, పొన్నగంటి తమంతట తాము లేచేవి. ఎవరూ నాటేవారు కాదు, ఎవరూ కొనేవారు కాదు. ఇప్పుడు పత్తిలో గడ్డి చావడానికి మందు కొడతారు. మందుకు గడ్డేదో కూరేదో తెలియదు. గట్లు గొరిగిన గుండులా ఉన్నాయి. కోటా బియ్యం తెల్లగా మల్లెపువ్వులా ఉంటాయి, అందులో తెలుపు తప్ప ఇంకేం మిగల్లేదు. పేరుకు పక్కనే అడవి ఉండి కూడా ఆడవాళ్ల మొహాలు పాలిపోయాయంటే అడవి తప్పు కాదు.

మంగ్లి సిస్టర్ రక్తం గోలీలు ఇచ్చింది. ఈ గోలీలు గుంపులో చాలామంది ఆడవాళ్లకు వస్తాయి. ఎవరూ మింగరు. మింగితే మర్నాడు దొడ్డికి నల్లగా వస్తుంది, కడుపులో ఏదో మాడిపోయిందని భయం. ఆ భయాన్ని సిస్టర్‌కు చెప్పాలంటే సిగ్గు. అందుకని మర్యాదగా తీసుకుని, సిస్టర్ బండి మలుపు తిరగ్గానే వాగులో వేస్తారు. ఆ వాగు చేపల్లో రక్తం తక్కువైన చేప లేదు.

కళావతి కూడా వాగు వైపే బయలుదేరింది. జంపయ్య ఎదురొచ్చాడు.

"ఏంది బిడ్డా గది?"

"గోలీలు మామా."

"ఏ నేలల పుట్టినయ్?"

"ఇనుమట. రక్తం పట్టనీకె."

జంపయ్య ఆలోచించాడు. "ఇనుమంటె భూమిలోపటిదే. గట్లయితె నేలతల్లికి చెప్పొచ్చు" అన్నాడు. మోదుగాకులో ఒక గోలీ పెట్టి, నీళ్లు చల్లి, పోయిన పెద్దల్ని పేరుపేరునా పిలిచాడు. "మీ కాలంల గిది లేకుండె. ఉంటె ఇంకొన్నేండ్లు ఉందురేమో. కోపం చెయ్యకున్రి" అని చెప్పి తానే మింగాడు. మర్నాడు ఇంకొకటి. ఆ మర్నాడు ఇంకొకటి.

నాలుగో రోజు పొద్దున ఆడవాళ్లంతా బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"ఇనున్రి. మూడు పొద్దులు మింగిన. నల్లగ వచ్చింది, బొగ్గు లెక్క. నాకేం కాలే. ఆకలైతుంది, నిద్ర పడుతుంది, ఎర్రమ్మతోని కొట్లాడే తాకత్తు గూడ ఉన్నది. గోలీకి కొత్త అయ్యింది. ఇగ మింగున్రి."

బోరింగు కొట్టే చెయ్యి ఆగిపోయింది. ఎర్రమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పోయి రెండు రోజులు బయటికి రాలేదు. కళావతికి నేల చీలితే లోపలికి పోదామనిపించింది. కానీ ఆ వారం వాగులో ఒక్క గోలీ పడలేదు. మంగ్లి సిస్టర్ ఎన్ని బొమ్మల పుస్తకాలు చూపించినా కాని పని, జంపయ్య ఒక్క పొద్దుటి ప్రకటనతో అయింది.

"నా నౌకరీ నువ్వు చెయ్యి పెద్దయ్యా" అంది సిస్టర్ చేతులు జోడించి. "ఆ యూనిఫారం నాకు పట్టదు బిడ్డా" అన్నాడు జంపయ్య.

పోతూ పోతూ సిస్టర్ ఇంకో మాట చెప్పింది. "గోలీతోని ఒక్కటే కాదు. రోజూ ఆకుకూర, పప్పు, జొన్నరొట్టె. గోలీ మింగినంక చాయ తాగకు. మందు కొట్టిన చేన్లది మాత్రం తేకున్రి."

తునికిగుంపులో మందు పడని చేను ఒక్కటే ఉంది, జంపయ్యది. చుట్టూ పత్తి, మధ్యలో అతని ఎకరం. అందులో జొన్న, సామ, కంది, చిక్కుడు పాదులు, గోగు, సాలుకూ సాలుకూ మధ్య దానంతటది లేచిన కూరాకు. పైనుంచి చూస్తే చింపిరి జుట్టు పిల్లలా ఉంటుందని ఊరంతా నవ్వేవారు. ఆ మర్నాటి నుంచి జంపయ్య పొద్దున్నే పోయి, మధ్యాహ్నానికి ఒక కట్ట కూర తెచ్చి కోడలి ముందు పెట్టడం మొదలైంది.

"ఏం కూర మామా?"

"గునుగు. మన చేన్లదే. కొత్త అయ్యింది, తిను."

మర్నాడు చెంచలి, ఆ మర్నాడు తోటకూర, ఆపైన గోగు. కళావతి తింది. ఐదో నెలలో ఏడున్నర. ఆరో నెలలో ఎనిమిది.

వినాయక చవితి దాటాక జంపయ్య ఒక విచిత్రమైన కట్టుబాటు తెచ్చాడు. "కడుపుతో ఉన్నోళ్లు చేన్ల అడుగు పెట్టొద్దు. కంకికి ఇంకా కొత్త కాలే."

"గసొంటి కట్టుబాటు నేనెప్పుడు వినలే" అంది ఎర్రమ్మ.

"నువ్వు వినంది చాలా ఉన్నది."

"కాళ్లు సాపుకుని కూసోవే కళావతీ. ఆయన కట్టుబాట్లు తెల్లారంగ ఒకటి పుడతయి" అంది ఎర్రమ్మ. కళావతి చేనికి పోవడం మానేసింది. కూర మాత్రం రోజూ వచ్చేది. కాకపోతే మామ ఇల్లు చేరేది మధ్యాహ్నం కాదు, పొద్దుగూకే వేళకు. మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు.

ఏడో నెల. ఒక రోజు జంపయ్య అంబలి బుర్ర ఇంట్లోనే మరిచిపోయి పోయాడు. ఎండ ఎక్కుతోంది. ఎర్రమ్మ కట్టెలకు పోయింది. కట్టుబాటు సంగతి తర్వాత చూసుకోవచ్చులే అని కళావతి బుర్ర తీసుకుని చేనికి బయలుదేరింది.

చేను లేదు.

అంటే నేల ఉంది. జొన్న మోకాలెత్తులో మాడి, కర్రలై నిలబడింది. చిక్కుడు పాదు పందిరి మీద ముడుచుకుపోయి పాత గోనెలా వేలాడుతోంది. సాలుకూ సాలుకూ మధ్య కూరాకు మొలిచే చోట నేల తెల్లగా పేలిపోయి ఉంది. పురుగు కూడా లేదు. ఎండి చాలా రోజులైందని చూస్తేనే తెలుస్తోంది. కళావతి గట్టు మీద కూలబడింది. ఒక చెయ్యి కడుపు మీదికి పోయింది. ఇన్నాళ్లూ తను తిన్నది ఏంటి?

పక్క చేన్లో పత్తి చూసుకుంటున్న రాంబాబు ఆమెను చూశాడు. జంపయ్యకు వరసకు బావమరిది. తప్పించుకుపోదామని రెండడుగులు వేసి, ఆగి, వచ్చాడు.

"మామ చెప్పలేదా నీకు?"

"ఏం చెప్పాలె?"

"చవితికి ముందు నేను గడ్డిమందు కొట్టిన. గాలి ఇటు మళ్లింది. సూడలే." అతను తల వంచుకున్నాడు. "తెల్లారేసరికి మీ చేనంత వాడిపోయింది. మా బావ వచ్చి సూసిండు. తిడతడనుకున్న. తిట్టలే."

"ఏమన్నడు?"

"నీకు తెల్సు గదా, ఏది కనబడ్డా కొత్త అయ్యిందా అంటడు. నా చేతిల మందు డబ్బా ఉంది. దాన్ని సూసిండు. ఆ మాట నోటి దాకా వచ్చింది, నాకు కనబడ్డది. ఆ మాటను లోపల్నే మింగిండు. మా తమ్ముడు పోయింది గిసొంటి డబ్బా తాగే అని ఆయనకెర్క." రాంబాబు గట్టు మీది మట్టిపెళ్లను కాలితో నలిపాడు. "'గాలి సూసి కొట్టకపోతివి రాంబాబూ' అన్నడు. గంతే. పోయేటప్పుడు మళ్ల వెనక్కొచ్చి, 'మా కోడలుకు చెప్పకు' అన్నడు."

"మరి కూర యాడిది? రోజూ తెస్తుండు గదా?"

"సిస్టర్ వాళ్ల తండా నుంచి. హీరాలాల్ చేను. ఆయనకు మేకలున్నయని మందు కొట్టడు, తిని చస్తయని. మీ మామ రోజూ నడిచిపోయి ఆ చేన్ల కలుపు తీస్తుండు. కూలి వద్దంటడట. తీసిన కలుపే కూలి కింద ఇయ్యమంటడట. హీరాలాల్ మొన్న సంతల కనబడి నన్నడిగిండు, 'మీ ఊరాయనకు తల బాగున్నదా? కలుపు తీసి కలుపే అడుగుతుండు' అని."

కళావతి వేళ్ల మీద లెక్కేసింది. ఆ చేనికి పోను ఆరు కిలోమీటర్లు, రాను ఆరు.

"ఇంకో ముచ్చట. కోసే ముందుగాల చేన్ల నిలబడి వంగి మొక్కుతడట. 'తండా తల్లీ, నీ పేరు నాకెర్క లేదు. మా కోడలు కోసం కొంచెం తీస్కపోతున్న' అంటడట. హీరాలాల్ పెండ్లాం లాలి, ఎవరితో మాట్లాడుతుండని జడుసుకుందట ముందు."

ఆ పొద్దుగూకే వేళ జంపయ్య వచ్చాడు. చేతిలో చెంచలికూర కట్ట. ఎర్రమ్మ పప్పులో వేసి వండింది. ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. కళావతి ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోలేదు.

"మామా, గీ కూర ఏ నేలల పుట్టింది?"

ఈ ప్రశ్న అతను జీవితంలో వేలమందిని అడిగాడు. అతన్ని ఎవరూ అడగలేదు. ముద్ద నోటి దగ్గర ఆగింది.

"మన చేన్లదే బిడ్డా."

"మన చేను సూసొచ్చిన."

జంపయ్య ముద్ద కంచంలో పెట్టేశాడు.

"రాంబాబు చెప్పిండా?"

"అవ్."

"చెప్పొద్దంటినే వానికి."

"నాకెందుకు చెప్పలే మామా?"

"చెప్తె నువ్వు తినవు. ముసలోడు గంత దూరం నడుస్తుండని సగం కంచం తోసేస్తవు." గొంతు తగ్గించాడు. "పోయినసారి గట్లనే చేస్తివి. ఇంట్ల సాలదని ఆకలి లేదంటివి. మేం నమ్మితిమి."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. చేను పోయిన సంగతి ఎర్రమ్మకు కూడా తెలియదు. ఆమె మొగుడి వైపు తేరిపార చూసింది.

"ముప్పై ఐదేండ్లు కాపురం చేసిన నీతోని. నువ్వొక్క అబద్ధం ఆడలే. నేను వండిన చారు బాగాలేదని పెండ్లయిన తెల్లారే నా మొహం మీద చెప్పినవ్. గసొంటోనివి, అబద్ధానికి కొత్త గూడ చెయ్యకుండనే ఆడినవా?"

"చేసిన" అన్నాడు జంపయ్య. "ముందుగాల నేనే మింగిన. తెల్లారేదాకా సూసిన. పానం నిమ్మలంగనే ఉంది. అప్పుడు ఆమెకు పెట్టిన."

కళావతికి ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. ఏడాదిన్నర తర్వాత వచ్చిన నవ్వు కదా, ఎలా నవ్వాలో మరిచిపోయినట్టు పొరమారింది. ఎర్రమ్మ మాడు మీద కొట్టి నీళ్లు తాగించింది. కళ్లు తుడుచుకుని కళావతి కంచం ముందుకు జరిపింది.

"ఇంకింత పెట్టత్తా."

మర్నాడు పొద్దున్నే రాంబాబు బండి ఇంటి ముందు ఆగింది. "ఎక్కు బావా, తండాల దింపుత. మళ్ల తోల్కొస్త." జంపయ్య బండినీ రాంబాబునీ మార్చి మార్చి చూశాడు. పెట్రోలు ఏ నేలలో పుట్టిందని అడుగుతాడేమోనని అందరూ ఎదురుచూశారు. మోకాళ్లు రుద్దుకుని గమ్మున ఎక్కాడు. కాన్పు దాకా రాంబాబు ఒక్క రోజు తప్పలేదు. ఆ శీతాకాలం మందు డబ్బా ముట్టలేదు, కూలోళ్లను పెట్టి గడ్డి పీకించాడు. గడ్డి పీకే పనిలో కూరాకును గుర్తుపట్టడం వచ్చినవాళ్లు గుంపులో నలుగురే మిగిలారని అప్పుడే తెలిసింది. ఆ నలుగురూ అరవై దాటినవాళ్లే.

ఎనిమిదో నెల నిండేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆటో చప్పుడైతే కళావతి ఉలిక్కిపడేది. తొమ్మిదో నెలలో మంగ్లి సిస్టర్ రావలసిన రోజు రాలేదు. రెండు రోజులు ఆలస్యంగా వచ్చి సూది గుచ్చింది. రక్తం పది దాటింది. అయినా ఆమె మొహంలో సంతోషం లేదు.

"ఏమైంది సిస్టర్?"

"వాగు పైనున్న గుంపుల ఒకామె పోయింది. మొన్న, ఆటోల. ఐదుండె రక్తం." సూది డబ్బాలో పడేసి మూత పెట్టింది. "వాళ్ల మామ గూడ మంచోడే. కూర కోసం ఆయన గూడ తిరిగిండు. ఆ గుంపు చుట్టూ ఎంత దూరం పోయినా మందు పడని చేను దొరకలే."

కళావతికి భద్రాచలం దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది, బిడ్డ బతికింది. రెండు రోజుల నుంచి బయట మెట్ల మీద పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టని జంపయ్య, బిడ్డను చూసి వచ్చి, గేటు పక్క బండి దగ్గర నిలబడి ఇడ్లీలు తిన్నాడు. ఒకటి కాదు, ఆరు. బియ్యం ఎక్కడివో మినుములు ఎక్కడివో అడగలేదు. ఎర్రమ్మ నోరు తెరిచి చూస్తోంది.

"అడుగవా ఏం?"

"అడిగితె సెప్పేసరికి చల్లారుతయి" అన్నాడు, ఏడో ఇడ్లీకి చెయ్యి చాపుతూ.

ఈ కథ చదివి నవ్వినవాళ్లను ఒకటి అడుగుతున్నాం. పొలం ఉన్నవాళ్లు మందు కొట్టే ముందు గాలి చూడండి, పక్క చేనువాళ్లకు ముందు రోజే చెప్పండి. ఒక్క గట్టును మందు లేకుండా వదిలేయండి, అక్కడ లేచే ఆకుల పేర్లు అరవై దాటినవాళ్ల దగ్గర ఇప్పుడే నేర్చుకోండి. పొలం లేనివాళ్ల పని ఇంకా సులువు. మీ ఊరి సంతలో, రైతు బజారు చివర, బల్ల లేకుండా నేల మీద గోనె పరిచి నాలుగు కట్టల కూరాకు, ఓ సేరు సామలు పెట్టుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. ఈ వారం ఆమె దగ్గర కొనండి, వచ్చే వారం మళ్లీ వెళ్లండి. ఆమె కూర అమ్ముడైతేనే ఆమె గట్టు మీద మందు పడకుండా ఉంటుంది. ఆకుకు చిల్లులున్నాయని పక్కకు పెట్టకండి.